కీటకం ముఖం స్పష్టంగా ఉండవలెను

జిల్లా వ్యవసాయ శాఖ సంయుక్త సంచాలకులు పాణంగిపల్లి చిదంబరం గారు తమ బంగళా పెరట్లో మందార పువ్వు మీద వాలిన తూనీగను ఫోటో తీయకపోయి ఉంటే, ఈతలంకలో గుబ్బల సూరన్న చేనుకి ఏ గొడవా ఉండేది కాదు. దోమ పట్టేది, సూరన్న మందు కొట్టేవాడు, దోమ పోయేది. కానీ ఆయన తీశారు. తూనీగ కూడా బుద్ధిగా కూర్చుంది. ఆ ఫోటో శాఖవారి మాసపత్రిక అట్ట మీద పడింది. అట్ట మీద తూనీగ కళ్ళు చూసి పై అధికారి ఒకాయన 'బాగుందే' అన్నారని ఒక వదంతి కూడా పుట్టింది. దాంతో చిదంబరం గారికి, ఇన్నేళ్ళ ఉద్యోగంలో తాము వ్యవసాయాన్ని మరీ దూరం నుంచి చూస్తూ వచ్చామని జ్ఞానోదయమైంది.

జ్ఞానోదయం ఇంట్లో అయితే ఇంటివాళ్ళు భరిస్తారు. ఆఫీసులో అయితే జిల్లా అంతా భరించాలి. వారం తిరక్కుండానే 'సమీప సస్య దర్శిని' అనే పథకం అమల్లోకి వచ్చింది. దాని ఉత్తర్వు ఇలా ఉంది: "పంటకు పురుగు పట్టినదని రైతులు నోటిమాటగా చెప్పుట, సిబ్బంది గట్టు మీద నిలబడి చూచుట శాస్త్రీయము కాదు. ఇకమీదట కీటకమును జానెడు దూరమునకు మించకుండా ఛాయాచిత్రము తీసి, ఆమోదము పొందిన పిమ్మటనే మందు విక్రయించవలెను. కీటకము ముఖము స్పష్టముగా ఉండవలెను. రెండు కన్నులును కనబడవలెను." ఆమోదం లేకుండా మందు అమ్మిన కొట్టుకి తాళం పడుతుందని చివర ఒక ముక్క తగిలించారు. తక్కినదంతా ఎవరూ చదవకపోయినా ఆ ముక్క మాత్రం కొట్లవాళ్ళందరూ చదివారు.

ఈతలంక గ్రామ వ్యవసాయ సహాయకురాలు హైమావతి. ముప్ఫై ఏళ్ళ మనిషి, పొలం చదువు చదువుకుంది, చెప్పులు చేతబట్టుకుని గట్టు మీద నడవగలదు. పథకం కింద ఆమెకి శాఖవారు ఒక కెమెరా ఇచ్చారు. ఏ కాలంలో కొన్నదో గానీ సబ్బుపెట్టె అంత ఉంటుంది. బ్యాటరీ మూత ఊడిపోకుండా దాన్ని రబ్బరు బ్యాండుతో కట్టారు. అద్దం మీద రెప్పలాంటి మూత సగం తెరుచుకుని ఆగిపోతుంది, తక్కిన సగం వేలితో తెరవాలి.

ఆ కెమెరా ఎలా వాడాలో నేర్పడానికి జిల్లా కేంద్రంలో శిక్షణ పెట్టారు. చిదంబరం గారే స్వయంగా చెప్పారు. ఆయన మెడలో కెమెరా ఉంది, దాని ముందు అద్దం మానికంత ఉంది. బల్ల మీద కుండీలో ప్లాస్టిక్ గులాబీ, దాని మీద ప్లాస్టిక్ సీతాకోకచిలుక. ఆయన దాన్ని నాలుగు వైపుల నుంచీ తీసి, "కీటకంతో ముందు స్నేహం చెయ్యాలి. అది మనల్ని నమ్మాలి. నమ్మిన కీటకమే కెమెరా వైపు చూస్తుంది" అన్నారు. వెనక వరసలో ఎవరో, నిజం పురుగు ఎగిరిపోతుంది కదండీ అని సందేహం వెలిబుచ్చారు. అది సిబ్బంది నిబద్ధతా లోపమని ఆయన తేల్చారు. తర్వాత అందరికీ ఉప్మా పెట్టారు. మండల అధికారి కోటిలింగం గారు ఆ ఉప్మా ప్లేటుని కూడా జానెడు దూరం నుంచి ఒక ఫోటో తీసుకున్నారు. ఆయన తత్వం అంతే, పైవారు ఎటు వంగితే అటు పడుకుంటారు.

శిక్షణ నుంచి వచ్చిన మర్నాడే సూరన్న కనిపించాడు. అతనిది కౌలుకి తీసుకున్న వరి చేను. చేను పొట్ట మీద ఉంది, ఇంకొన్నాళ్ళలో ఈనుతుంది. చేను గల ఆసామి కొంచెం చిరాకు మనిషి, పంట సరిగ్గా చేతికి రాకపోతే వచ్చే ఏడు చేను మరొకడికి ఇచ్చేస్తానని ముందే చెప్పి ఉన్నాడు. ఆ చేను పోతే సూరన్నకి దుక్కి దున్నడానికి మరో సెంటు లేదు.

"మేడంగారండీ, దోమ పట్టేసిందండి" అన్నాడు సూరన్న. "చేలో ఓ చోట గుండ్రంగా ఎర్రబడిపోయింది. గట్టు మీంచి చూత్తే గుడ్డోడిక్కూడా కనపడతాదండి."

ఆమె వెళ్ళి చూసింది. సుడిదోమ. గోధుమగింజలో సగం ఉండదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా కూర్చుని రసం పీలుస్తుంది. పైకి దోమ కనబడదు గానీ చేను మాత్రం సుడులు సుడులుగా, వేడి పెనం బోర్లించినట్టు గుండ్రంగా మాడిపోతుంది. సూరన్న తనకి తెలిసినవన్నీ అప్పటికే చేశాడు. దుబ్బుల మధ్య గాలి ఆడేలా చేను పాయలు తీశాడు, నీళ్ళు బయటికి తోడాడు. పల్లపు చేను కావడంతో పై చేల నీళ్ళు మళ్ళీ వచ్చి చేరాయి. ఇక మందే గతి.

హైమావతి గట్టు మీద నిలబడి మాడిన సుడి అంతా పడేలా చక్కగా ఒక ఫోటో తీసి ఆఫీసుకి పంపింది. సాయంత్రానికల్లా అది తిరిగొచ్చింది. "దూరము. పైగా ఇందులో కీటకము కనబడుట లేదు, చేను మాత్రమే కనబడుచున్నది" అని దాని మీద రాశారు.

సరే, దగ్గర నుంచే తీద్దామని ఆమె చేలో దిగింది. కెమెరా మీద చిన్న పువ్వు గుర్తు ఉంటుంది, దగ్గరవి తీసేటప్పుడు అది నొక్కాలి. పువ్వు నొక్కి, మోకాళ్ళ మీద కూర్చుని, దుబ్బులు విడదీసి మొహం పెట్టింది. సుడిదోమకి ఒక అలవాటుంది. మనం ఇటు నుంచి చూస్తే అది కాండం చుట్టూ తిరిగి అటు పోతుంది. అటు వెళితే ఇటు వస్తుంది. ఆ పూటంతా హైమావతి వరి దుబ్బుకి ప్రదక్షిణాలు చేసింది. మొదటి ఫోటోలో ఆకు పడింది. రెండోదాంట్లో ఆమె బొటనవేలు పడింది. తర్వాతది ఫ్లాష్ వెలిగి, తెల్లటి వెలుగులో తెల్లటి చుక్కగా వచ్చింది. కాస్తో కూస్తో బాగా పడినదాన్ని పంపితే, "కీటకము ముఖము చాటు చేసినది. సిబ్బంది దానిని తగు రీతిన ఒప్పించవలసియుండెను" అని జవాబు.

దాంతో ఆమెకి పంతం వచ్చింది. పంతంతో పాటు పని కూడా వచ్చింది. జూమ్ లాగితే ఈ కెమెరాకి చత్వారం వస్తుందని, జూమ్ మానేసి మనమే దగ్గరికి జరగాలని కనిపెట్టింది. మీట సగం నొక్కి పట్టుకుంటే పచ్చ గడి వెలుగుతుందని, అది వెలిగాకే పూర్తిగా నొక్కాలని తెలుసుకుంది. ఫ్లాష్ ఆపేసి, అన్నం డబ్బా స్టీలు మూతని పక్కన పట్టుకుంటే ఎండ దాని మీద పడి దుబ్బు మొదట్లోకి మెత్తగా వెలుతురు వస్తుంది. గాలి ఆడకుండా గొడుగు అడ్డం. చెయ్యి వణక్కుండా కెమెరా కింద ఇసక మూట. ఊరి పోస్టాఫీసులో అక్షరాలు చూసే భూతద్దం అడిగి తెచ్చి అద్దం ముందు రబ్బరు బ్యాండుతో బిగిస్తే, గింజలో సగం లేని దోమ పెసరగింజంత కనబడింది. తెల్లవారి చలికి దోమలు కూడా మొద్దు నిద్రలో ఉంటాయి, అప్పుడు తిరగవు. ఊపిరి బిగబట్టి నొక్కాలి. ఇవన్నీ చిదంబరం గారి శిక్షణలో చెప్పనివే.

ఆ ఉదయం మొట్టమొదటిసారి దోమ కన్ను పడింది. ఎర్రటి కన్ను, చింతగింజలా నిగనిగలాడుతూ ఉంది. ముందరి కాళ్ళతో మొహం తుడుచుకుంటున్న దోమని చూస్తూ హైమావతి తనని తాను మరిచిపోయింది. ఇంత చిన్నదానికి ఇంత సొగసు ఎందుకని ముచ్చటపడింది. ముచ్చట తీరి నడుం నిటారు చేసుకుని లేచి చూస్తే, ఒక సుడి ఉన్న చోట మూడున్నాయి. గట్టు మీద సూరన్న తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆమెకి సిగ్గేసింది. అతని చేను మాడుతుంటే తాను దోమ అందం చూస్తూ కూర్చుంది.

ఫోటో పంపింది. ఈసారి కోటిలింగం గారు ఫోన్ చేశారు. "హైమావతీ, ఎడమ కన్ను చాలా బాగా పడిందమ్మా. సారు మెచ్చుకున్నారు. కుడి కన్ను ఏదీ అంటున్నారు."

దోమకి ఆ కన్ను అటు పక్క ఉందని ఆమె చెప్పింది. అది తనకూ తెలుసునని, ఉత్తర్వులో రెండని ఉందని ఆయన బాధపడ్డారు. మరో రెండు ఉదయాలు పోయాక, ఎదురుగా చూస్తూ రెండు కళ్ళూ పడ్డ దోమ ఒకటి దొరికింది. ఫోటో వెళ్ళింది. ఆమోదం వచ్చింది. సూరన్న సైకిలు మీద మందు కొట్టే తైవాన్ స్ప్రేయరు కట్టుకుని మండల ఆఫీసుకి వచ్చాడు.

కోటిలింగం గారు, కొట్టులో తామే కొలిపించి తెచ్చిన కంటి మందు సీసా అంత సీసాని జేబులోంచి తీసి ఇచ్చారు. దాంతో పాటు ఉత్తర్వు: "ఛాయాచిత్రమునందు కీటకముల సంఖ్య: ఒకటి. తదనుగుణముగా మందు మంజూరు చేయడమైనది. చికిత్స అనంతరము ఇదే కీటకము ఛాయాచిత్రమును జతపరచవలెను. వేరొక కీటకమును చూపి శాఖను మోసగించరాదు."

సూరన్న ఆ సీసాని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇది చేనుకా అండి, దోమకా?" అన్నాడు.

కోటిలింగం గారు నొచ్చుకున్నారు. చేలో లక్షల దోమలున్నాయంటే ఉండవచ్చునని, అయితే రుజువైనది ఒక్కటేనని, తక్కినవాటి ఫోటోలు కూడా తెస్తే దేని మందు దానికి ఇవ్వడానికి ప్రభుత్వం వెనకాడదని నచ్చజెప్పారు. గుంపుగా తీసిన ఫోటో ఒకటి ఉందని హైమావతి చూపించింది. అందులో ఎవరి మొహమూ సరిగ్గా లేదని ఆయన తల అడ్డంగా ఊపారు.

ఆమె తిన్నగా జిల్లా ఆఫీసుకి వెళ్ళింది. చిదంబరం గారు తమ గది గోడ మీద ఆమె తీసిన దోమ ఫోటోని తలుపంత పెద్దది చేయించి పెట్టుకున్నారు. ఆమెని చూసి నిజంగానే సంతోషించారు, కూర్చోమన్నారు, టీ తెప్పించారు. సూరన్న చేనులో సుడులు పెరిగిపోతున్నాయని, గట్టెక్కి ఒక్కసారి చూస్తే చాలునని, ఈ వారం మందు పడకపోతే చేను దక్కదని ఆమె చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు.

"చూడమ్మా, దూరం నుంచి చూస్తే అన్నీ సమస్యల్లాగే కనబడతాయి. దగ్గరికి వెళ్ళు. ఎంత దగ్గరికి వెళితే అంత ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు. తర్వాత గోడ వైపు తిరిగారు. "ఈ ఫోటోకి ఒక్కటే లోపం. నేపథ్యం. దోమ వెనకాల ఈ ఎర్రటి మరక చూడు. దృష్టి అటు లాగేస్తోంది. నేపథ్యం ఎప్పుడూ పచ్చగా, వెన్నలా ఉండాలి."

"అది మాడిపోయిన చేనండీ" అంది హైమావతి.

"ఏదైనా కావచ్చు" అన్నారాయన దయగా. "మచ్చ మచ్చే కదా."

బస్సులో తిరిగి వస్తూ ఆమె కిటికీలోంచి చూసింది. రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా సూరన్న చేలో సుడులు కనబడుతున్నాయి. పక్క సీట్లో ముసలామె, ఎవరిదోనమ్మా చేను దోమ తినేసింది అని పైకే అనుకుంది. ఊళ్ళో, రోడ్డు మీద, బస్సులో అందరికీ కనబడేది ఒక్క ఆఫీసుకే కనబడకపోవడం చూస్తే హైమావతికి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి.

మర్నాడు తెల్లవారి, ఏం చెయ్యాలో తోచక అలవాటు కొద్దీ కెమెరా పట్టుకుని గట్టు మీద కూర్చుంది. మంచు బాగా కురిసింది. ఎదురుగా గడ్డిపోచ చివర నీటిచుక్క ఒకటి వేలాడుతోంది. ఊరికే పువ్వు గుర్తు నొక్కి, భూతద్దం బిగించి, దాని మీదికి వంగింది. చుక్క లోపల ఏదో పచ్చగా ఉంది. ఇంకా దగ్గరికి జరిగింది. చుక్కలో చేను ఉంది. మొత్తం చేను. అటు గట్టు, ఇటు గట్టు, దూరంగా కొబ్బరిచెట్లు, మధ్యలో అయిదు మాడిన సుడులు కూడా, అన్నీ తలకిందులుగా, ఆవగింజంత చోటులో.

ఆమె ఊపిరి బిగబట్టింది. పచ్చ గడి వెలిగింది. నొక్కింది.

సూరన్నకి చూపిస్తే అతను కెమెరాని అటూ ఇటూ తిప్పాడు. "తలకిందులుగా ఉందేంటండి?" అన్నాడు. తిప్పి పట్టుకుంటే తిన్నగానే కనబడుతుందని, ఆఫీసువారికి అలవాటేనని ఆమె చెప్పింది. ఈ ఫోటో తీసింది జానెడు దూరం నుంచే. ఉత్తర్వులో చెప్పిన దూరాన్ని దాటలేదు. పంపింది.

గంటలో ఫోన్ వచ్చింది. కోటిలింగం గారు కాదు, చిదంబరం గారే. తమ జీవితంలో ఇలాంటి చుక్క చూడలేదన్నారు. ఆ చుక్క ఎక్కడుంది, ఏ గడ్డి, ఎవరి గట్టు, వివరాలన్నీ అడిగారు. వచ్చే సోమవారం స్వయంగా వచ్చి అదే చుక్కని తమ కెమెరాతో తీస్తామన్నారు. తర్వాత, "ఆ చుక్కలో గుండ్రంగా ఎర్రగా ఉన్నవి ఏమిటమ్మా?" అని అడిగారు.

హైమావతికి సుడిదోమ అని, మందు అని, కౌలు రైతు అని నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాటలన్నీ ఇదివరకు చెప్పి చూసినవే.

"నేపథ్యంలో మచ్చలండీ" అంది.

"మరి చెప్పవేం" అని ఆయన కసిరారు.

ఆ మధ్యాహ్నానికే 'నేపథ్య శుద్ధి' అనే పద్దు కింద అత్యవసర ఉత్తర్వు వెలువడింది. "సంయుక్త సంచాలకుల వారి పర్యటన దృష్ట్యా, చుక్క పరిధిలోకి వచ్చు యావత్తు ప్రదేశమును పచ్చగా ఉంచవలెను. మచ్చలు వ్యాపించకుండా తగు చర్యలు గైకొనవలెను." కోటిలింగం గారు మందు డబ్బాలతో, పది మంది మనుషులతో జీపులో దిగారు. నీళ్ళు తోడే ఇంజను కూడా వచ్చింది. చేను వైపు నుంచి చూస్తే చుక్క పరిధి ఎంతదాకా వస్తుందో ఎవరికీ తెలియక, ఎందుకైనా మంచిదని పై చేల నీళ్ళు కూడా మళ్ళించారు, చుట్టుపక్కల చేలకి కూడా మందు కొట్టారు. ఇదివరకు ఎవరెంత మొత్తుకున్నా కదలని శాఖ, ఒక నీటిచుక్కకి వెనకాల బాగుండాలంటే ఒక్క పూటలో కదిలింది. అప్పటికే మాడిపోయిన సుడుల్ని ఏ మందూ పచ్చగా చెయ్యలేదు కదా. అందుకని నర్సరీల్లో మొక్కల మీద కట్టే పచ్చ పరదా తెచ్చి వాటి మీద పరిచారు.

సూరన్న ఇదంతా గట్టు మీద గొంతుక్కూర్చుని చూశాడు. ఏమయిందో అతనికి బోధపడలేదు. మందు మాత్రం దుబ్బు మొదట్లో పడేలా కొట్టమని పదే పదే చెప్పాడు. వాళ్ళు కొట్టారు.

సోమవారం తెల్లవారి చిదంబరం గారు వచ్చారు. గట్టు మీద దుప్పటి పరిచి బోర్లా పడుకున్నారు. కోటిలింగం గారు చుక్క రాలిపోకుండా గొడుగు పట్టి, తాము ఊపిరి పీల్చడం కూడా మానుకున్నారు. సంయుక్త సంచాలకులు పొద్దెక్కేదాకా చుక్కలో చేను చూశారు. పచ్చగా, వెన్నలా ఉందని మురిసిపోయారు. తర్వాత లేచి, చొక్కా దులుపుకుని, కారెక్కారు. ఎదురుగా ఉన్న చేను వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

చుక్క మాసపత్రిక అట్ట మీద పడింది. ఫోటో చిదంబరం గారిదే. దాంతో పాటు కొత్త ఉత్తర్వు కూడా వచ్చింది. ఇకమీదట జిల్లాలో ఏ సమస్యనైనా నీటిచుక్కలో చూపిస్తేనే పరిశీలించబడును. ఎండిపోయిన కాలువలు, బీటలు వారిన చేలు చూపదలచిన మండలాలవారు చుక్కను తమ సొంత ఏర్పాటుపై తెచ్చుకోవలెను. ఆ సాయంత్రం మెట్ట మండలంలో పనిచేసే స్నేహితురాలు హైమావతికి ఫోన్ చేసి, మాకు వానే లేదు, చుక్క ఎక్కడి నుంచి తెమ్మంటావని అడిగింది. కలంలోకి చుక్క చుక్కగా సిరా పోసే గొట్టం ఒకటి కొనుక్కోమని హైమావతి సలహా చెప్పింది. అంతకన్నా తనకీ ఏం తోచలేదు.

కోతలు వచ్చాయి. సుడులు పడ్డ మేర పోయింది గానీ తక్కిన చేను నిలబడి ఈనింది, గింజ పోసుకుంది. ఆసామి వచ్చి కుప్ప చూసి, చేను నీకే ఉంచుతాన్లే అని ముక్కుతో గొణిగి వెళ్ళాడు. పరదా తిరిగి పట్టుకెళ్ళమని ఏ ఉత్తర్వూ రాలేదు. సూరన్న దాన్ని దులిపి, రోడ్డు వారన పరిచి, దాని మీద ధాన్యం ఎండబోసుకున్నాడు.

హైమావతి అటుగా వెళుతూ ఆగింది. కెమెరా తీసింది. అలవాటుగా పువ్వు గుర్తు మీదికి పోయిన వేలిని వెనక్కి తీసుకుంది. రోడ్డు అవతలిదాకా వెనక్కి నడిచి, కోసిన చేను, పచ్చ పరదా, దాని మీద ధాన్యం, ధాన్యంలో కాళ్ళతో చాళ్ళు తీస్తున్న సూరన్న, అంతా పడేలా నిలబడి నొక్కింది.

"ఇది కూడా ఆఫీసుకే పంపుతారాండి?" అని అరిచాడు సూరన్న అక్కణ్ణించి.

"లేదు సూరన్నా" అంది ఆమె. "ఇందులో అన్నీ కనబడుతున్నాయి."